‘మానవుడు’ అంటే ఎవరు? – పిల్లల వన్యప్రాణి వ్యాసాల వెనుక చరిత్ర

ప్రతి సంవత్సరం అక్టోబరు 2 నుండి 8 వరకు దేశమంతటా వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో మన పాఠశాలల్లో పిల్లలకు వ్యాసరచన పోటీలు పెట్టడం ఆచారంగా వస్తున్నది. విషయం దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘వన్యప్రాణులపై మానవుని ప్రభావం’. మాటలు కొద్దిగా అటూ ఇటూ కావచ్చు. ‘మానవుడు’ మాత్రం మారడు. నేనిక్కడ పరిశీలించదలచింది ఈ ‘మానవుణ్ణి’ గూర్చే.

పోటీలకు నేను విరోధిని కాను. పిల్లలచేత పాఠ్యపుస్తకం బయటి సంగతి నాలుగు పేజీలు వ్రాయించే సందర్భాలు మన పాఠశాలల్లో బహు తక్కువ. ఐతే, ఏ విషయమిచ్చి వ్రాయిస్తున్నామన్నది అమాయకమైన ప్రశ్న కాదు. ‘మానవుడు అడవులను నాశనం చేశాడు’ అని పన్నెండేళ్ళ పిల్లవాడు వ్రాసినప్పుడు, ఆ వాక్యంలో కర్త ఉన్నట్లే ఉంటుంది గాని నిజానికి ఉండడు. చంపినవాడు, చంపించినవాడు, చంపడానికి పొదలు కొట్టినవాడు, చివరకు ఆ అడవిలోనే ఆకలితో మిగిలిపోయినవాడు – అందరూ ఒక్క పదంలో ఇమిడిపోతారు. నేరం అందరికీ సమానంగా పంచబడుతుంది. సంపద మాత్రం ఎన్నడూ అలా పంచబడలేదు.

ఈ వారోత్సవాల సంప్రదాయం పుట్టిన కాలాన్నే చూడండి. భారత వన్యప్రాణి మండలి 1952లో ఏర్పడింది. మన దేశంలో చీతా అంతరించినట్లు ప్రకటించింది కూడా ఆ సంవత్సరమే. చీతాను అంతరింపజేసిన ‘మానవుడు’ ఎవరు? చరిత్రకు అతడి పేరు తెలుసు. 1947లో మధ్య భారతంలోని కొరియా సంస్థానాధీశుడు రామానుజ ప్రతాప్ సింగ్ దేవ్ చివరి మూడు చీతాలను వేటాడాడు. అంతకు ముందు తరతరాలుగా రాజులు చీతాలను పట్టి, మచ్చిక చేసి, జింకల వేటకు వాడుకొన్నారు. ఇందులో గొర్రెలకాపరి వంతు కొంత ఉండవచ్చు, రైతు వంతూ ఉండవచ్చు. కాని ఆ ముగ్గురి వంతులూ ఒకటే అని పిల్లలకు చెప్పడం చరిత్ర కాదు.

మన తెలంగాణకు వద్దాం. 1902లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యానికి వేటకు వచ్చాడు. వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద చంపిన పులి ముందర కర్జన్, అతని భార్య దిగిన ఛాయాచిత్రాన్ని రాజా దీన్‌దయాళ్ తీశాడు. అది నేటికీ ప్రసిద్ధం. పులిని ఆ తుపాకి ముందుకు తోలడానికి డప్పులు కొట్టుకొంటూ ముళ్ళపొదల్లో దూరినవాళ్ళు అందులో ప్రముఖులు కారు. అది కూలికి చేసిన పని అని వెట్టిచాకిరి చరిత్ర తెలిసినవారెవరూ సులభంగా నమ్మరు. 1875 నుండి 1925 వరకు యాభై ఏళ్ళలో ఈ దేశంలో 80,000కు పైగా పులులు చంపబడ్డాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. దొరలకు వేట వినోదం, క్రూరమృగానికి వెల కట్టి బహుమతులిచ్చిన ప్రభుత్వానికి అది పరిపాలన.

సాహిత్యం చదివినవాణ్ణి గనుక ఒక మాట అనకుండా ఉండలేను. మన ప్రబంధాల్లోనూ రెండు రకాల వేటలున్నాయి. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట రాజవినోదం. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడు బోయవాడు. వేట వానికి బ్రతుకు. రెండింటినీ ‘వేట వర్ణన’ అనే ఒకే శీర్షిక కింద పిల్లలకు పాఠం చెప్పే అలవాటు, రెండింటినీ ‘మానవుని ప్రభావం’ అనే అలవాటు – ఒకే చోట పుట్టినవి.

తెలకపల్లి మైదానపు ఊరు. ఇక్కడి నుండి అచ్చంపేట దాటి మన్ననూరు చేరితే గాని నల్లమల రాదు. ఐనా ఈ జిల్లా పిల్లలకు అడవి అంటే ఆ అమ్రాబాద్ అడవే. అక్కడి ఫర్హాబాదులో నిజాం వేట విడిది కట్టించుకొన్నాడు. ఆ అడవిలోనే చెంచులున్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, శత్రుదేశస్థుడుగా నిజాం రాజ్యం దాటరాదన్న కట్టడిలో ఉన్న ఆస్ట్రియా పండితుడు హైమెన్‌డార్ఫ్, చెంచుల మధ్య ఉండి 1943లో వారిమీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. వారు ప్రధానంగా గడ్డలు, పండ్లు, ఆకులు సేకరించి బ్రతికేవారని, వేట వలన వచ్చే తిండి స్వల్పమని ఆ గ్రంథం చదివితే తెలుస్తుంది. విల్లంబులు పట్టిన చెంచు బొమ్మ చూపి ‘వేటగాడు’ అని చెప్పడం మనకు తేలిక. విడిది కట్టుకొన్నవాణ్ణి ఆ మాట అనడం మాత్రం కష్టంగా ఉంటుంది.

తరువాతి కథను సంవత్సరాలే చెబుతాయి. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1981లో శ్రీశైలం జలాశయం కింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు ఖాళీ చేయించబడ్డాయి. 1983లో ఆ అభయారణ్యం పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. అంటే కృష్ణలోయ మునిగిన కాలంలోనే అడవికి రక్షణ కూడా వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. చెంచులను బయటకు పంపితేనే పులికి మేలు అనే వాదన ఒక ప్రక్క నడుస్తుండగానే, 2019లో అదే అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. చెంచులు, విద్యార్థులు, రచయితలు ఆందోళన చేశారు. ఆ సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేయవలసి వచ్చింది. గుడిసె వల్ల పులికి కలిగే భయం వేల బోరుగుంతల వల్ల కలగదా అన్న ప్రశ్న ఏ వ్యాసరచన పోటీకీ విషయం కాలేదు.

పులి రక్షణ అనవసరమని నా అభిప్రాయం కాదు. మన్ననూరు నుండి దోమలపెంట వరకు శ్రీశైలం రహదారిపై రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు వాహనాలు ఆపడం మంచి పని. రాత్రిపూట రోడ్డు దాటే జంతువుకు అంతకన్నా మేలైన చట్టం లేదు. అడవిలోని జ్ఞానం ఎవరి దగ్గర ఉన్నదన్నదే నా ప్రశ్న. 1900 తరువాత కనబడక, అంతరించిందనుకొన్న కలివికోడి 1986లో కడప జిల్లాలో దొరికినప్పుడు, దాన్ని మొదట పట్టి చూపినవాడు స్థానిక పిట్టల వేటగాడు. శాస్త్రజ్ఞులు వాని మాట విన్నారు కాబట్టి దొరికింది.

కొన్నేళ్ళ క్రిందట తెలకపల్లి ప్రాంతంలోని ఒక పాఠశాలలో ఇట్టి పోటీకి నేను ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణిగా ఉన్నాను. ఎక్కువ వ్యాసాలు ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. ‘పర్యావరణ సమతుల్యత’ ప్రతి దానిలో ఉన్నది, ఒక్క పిట్ట పేరు లేదు. ఈ మండలంలోని గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పుస్తకం ‘వల్లంకి తాళం’కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ పేరులోనే ఒక పిట్ట ఉన్నది. ఆ ఊళ్ళ పిల్లలు తమ పిట్టల పేర్లు పోటీకి పనికిరావనుకొన్నారంటే, అలా అనుకొనేటట్లు నేర్పినవాళ్ళం మనమే.

ఒక్క కుర్రవాడు మాత్రం వేరుగా వ్రాశాడు. రాత్రిళ్ళు తండ్రితో మంచెమీద కూర్చొని రేకుడబ్బా వాయించి పల్లీచేను నుండి అడవిపందులను తరమడం, ప్రక్క చేనివాడు పెట్టిన కరెంటు తీగకు పంది బదులు తమ కుక్క చావడం, ఊరి చుట్టూ తుమ్మపొదలు పోయి ప్లాట్లు పడ్డాక నక్క కూత వినబడటం లేదని తాత అనడం – ఇవే అందులోని సంగతులు. పంది తిన్న చేనుకు డబ్బు ఎవరిస్తారని, తీగ పెట్టినవాడు తప్పు చేసినా వాని అప్పు ఎవరు తీరుస్తారని అడిగాడు. చెట్లు నాటాలని ఎక్కడా వ్రాయలేదు. ‘విషయానికి దూరం’ అని మిగిలిన ఇద్దరు న్యాయనిర్ణేతలు తీర్పు చెప్పారు. నేను వాదించాను, నెగ్గలేదు. మొదటి బహుమతి ‘మానవుడు స్వార్థపరుడు’ అని ప్రారంభమైన వ్యాసానికి పోయింది.

ఈ జిల్లాలవాడే ఐన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించాడు. రాజుల యుద్ధాలు విడిచి జనం తిండి, బట్ట, ఆట, పాట, సామెతల్లో చరిత్ర వెదికిన పుస్తకమది. ఆ పద్ధతి బడిపిల్లలకూ అందుతుంది. ‘మీ ఊళ్ళో కనబడకుండా పోయిన ఒక జంతువును గూర్చి ముసలివారిని అడిగి వ్రాయండి. అది ఎప్పుడు పోయింది? అప్పుడు ఆ భూమి ఎవరిది, ఇప్పుడు ఎవరిది?’ అని విషయమివ్వవచ్చునని ఆ సాయంత్రం ఉపాధ్యాయులతో అన్నాను. అందరి జవాబులూ వేర్వేరుగా వస్తే మార్కులు ఎలా వేయాలి సార్ అని ఒకాయన అడిగాడు. ముందు వాళ్ళు తెచ్చిన పేర్ల జాబితా చేద్దాం, మార్కుల సంగతి తరువాత చూద్దామన్నాను.