మూతకి చిల్లున్న రోజులు

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు మా ఆటో పార్ట్స్ కొట్టుకి వచ్చేది ఎక్కువగా చెక్ ఇంజన్ లైటు వెలిగినప్పుడే. మనిషి కౌంటర్ దాకా వచ్చేసరికే మొహంలో రెండు వేల డాలర్ల బిల్లు కనిపిస్తూ ఉంటుంది. "అంకుల్, ఇంజన్ పోయినట్టేనా?" అంటారు. "ఈ రెండు మూడు రోజుల్లో గ్యాస్ కొట్టించావా బాబూ?" అని నేను ఎదురు అడుగుతాను. స్కానర్ తగిలిస్తే చాలాసార్లు పి0457 అనే కోడ్ వస్తుంది. పెట్రోలు మూత వదులుగా ఉందనో, అసలు లేదనో దానర్థం.

బొటనవేలు, చూపుడువేలుతో తిప్పే మూతకి ఇంత రాద్ధాంతం ఎందుకని వాళ్లకి విసుగు. న్యాయమైన విసుగే. ఒకప్పుడు ఆ మూతకి చిల్లు ఉండేది, కావాలనే పెట్టేవారు.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టీలో ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. పట్టేది పది గ్యాలన్లు. గేజి లేదు. కూర్చున్నవాళ్లని దింపి, సీటు ఎత్తి, మూత విప్పి, గీతలు పెట్టిన చెక్కపుల్ల ముంచి చూసుకోవాల్సిందే. పంపు కూడా లేదు. ట్యాంకు ఎత్తున ఉంటుంది కాబట్టి పెట్రోలు దానంతట అదే కార్బ్యురేటర్‌లోకి దిగేది. ట్యాంకులో తక్కువగా ఉండి నిట్టనిలువు గుట్ట ఎదురైతే బండి తిప్పి, రివర్సులో ఎక్కించేవారు. పెట్రోలు దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా, అందుకే మూతలో ఆ చిల్లు. అది మట్టితో పూడుకుపోయిందా, ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నా ఇంజన్‌కి అందేది కాదు. మూత విప్పితే ఉస్సుమని గాలి పీల్చుకుని బండి మళ్లీ బయల్దేరేది. ఆ కాలపు మెకానిక్కుకి మూత వదులైతే దిగులు లేదు, గాలాడకుండా బిగుసుకుంటేనే తలనొప్పి.

నేను పని నేర్చుకున్న విజయవాడ ఆటోనగర్‌లోనూ అదే లెక్క. అంబాసిడర్ టాక్సీ మూత ఎక్కడో పడిపోతే గుడ్డ పీలిక కుక్కి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేసి నెలల తరబడి తిప్పేవారు. కుదుపులకి పెట్రోలు చిందేది, డిక్కీ దగ్గర నిలబడితే కంపు. అగ్గిపుల్ల గీస్తే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది. బండి మాత్రం ఏ లైటూ వెలిగించేది కాదు.

అమెరికా డిజైనర్లకి మూతంటే చిన్నచూపు, కనబడకూడదనే పట్టుదల. 1941 కాడిలాక్‌లో ఎడమ టెయిల్ లైటు ఎత్తితే దాని కింద దాక్కుని ఉండేది. 1957 షెవ్రోలేలో తోకరెక్కకి ఉన్న క్రోమ్ పట్టీ వెనక. బంకులో కొత్తగా చేరిన కుర్రాళ్లు కారు చుట్టూ ప్రదక్షిణలు చేసే ఉంటారు.

చిల్లుకి కాలం చెల్లింది లాస్ ఏంజెలెస్ పొగ వల్ల. కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో ఆ గుట్టు విప్పాడు: పెట్రోలు ఆవిర్లు, ఇంజన్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి కళ్లు మండించే పొగగా మారుతున్నాయి. కారు వదిలే హైడ్రోకార్బన్లలో సుమారు ఐదో వంతు సైలెన్సర్‌లోంచి వచ్చేది కాదు, ట్యాంకులోంచి, కార్బ్యురేటర్‌లోంచి ఊరికే ఆవిరైపోయేది. అంటే ఎండలో ఊరికే ఆపి ఉంచిన కారు కూడా ఊరి గాలి పాడుచేస్తున్నట్టే. కాలిఫోర్నియా 1970 మోడళ్ల నుంచి, మిగతా దేశం 1971 మోడళ్ల నుంచి దాన్ని అరికట్టమన్నాయి. దాంతో ఆవిరిని గొట్టం గుండా బొగ్గు నింపిన డబ్బాలోకి మళ్లించారు. బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది; ఇంజన్ నడిచేటప్పుడు పీల్చుకుని కాల్చేస్తుంది. మూతలో చిల్లు పోయి, మరీ వాక్యూమ్ ఏర్పడితేనే తెరుచుకునే స్ప్రింగు వాల్వు వచ్చింది. నా మటుకు ఇది మంచి చట్టమే.

1973 చమురు కొరతలో గొట్టం పెట్టి పెట్రోలు లాగేసే దొంగలు పెరిగితే జనం తాళం మూతలు కొనుక్కున్నారు. ఆ మూతలకి ఇప్పటికీ గిరాకీ ఉంది.

మూత మాట కంప్యూటర్ వినడం మొదలైంది మాత్రం 1996 నుంచి. ఆ ఏడాది మోడళ్ల నుంచి ఇక్కడ అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 అనే స్వీయ పరీక్షా వ్యవస్థ తప్పనిసరి అయింది. ట్యాంకు దారులన్నీ మూసి, కొంచెం వాక్యూమ్ పెట్టి, అది నిలుస్తుందా లేదా అని కారే చూసుకుంటుంది. మొదట్లో ఒక మిల్లీమీటరు చిల్లు పట్టుకోగలిగితే చాలన్నారు. 2000 మోడళ్ల నుంచి మెల్లగా అర మిల్లీమీటరుకి దించారు. ట్యాంకు మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా, ఇంజన్ వేడిగా ఉన్నా ఈ పరీక్ష జరగదు. పైగా మామూలుగా రెండుసార్లు తప్పితేగానీ లైటు వెలగదు. అందుకే గ్యాస్ కొట్టించింది శనివారమైతే లైటు మంగళవారం వెలుగుతుంది. పాపం, ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది?

మా న్యూజెర్సీలో ఇంకో చిక్కు. 1949 నుంచి ఇక్కడ సొంతంగా పెట్రోలు పోసుకోవడం చట్టరీత్యా కుదరదు. బంకు కుర్రాడే పోయాలి, మూతా అతనే పెట్టాలి. చలికాలం, వెనక నాలుగు కార్లు హారన్ కొడుతుంటే ఎంత బిగిస్తాడు? నేనైతే దిగి వెళ్లి ఇంకోసారి తిప్పుతాను. అనుమానించానని మొహం మాడ్చుకునేవాళ్లూ ఉన్నారు, ఫరవాలేదు.

బిగించినా మళ్లీ మళ్లీ వదులవుతుంటే మూత విప్పి వెలుతురులో చూడండి. లోపలి రబ్బరు రింగు మెత్తగా ఉండాలి. గోరుతో వంచితే సన్నని పగుళ్లు కనిపించాయా, దాని పని అయిపోయింది. మూతని వేలాడదీసే ప్లాస్టిక్ తాడు రింగు కింద నలిగినా లీకే. గొట్టం అంచున తుప్పు, మట్టి ఉంటే పొడిగుడ్డతో తుడవండి. టక్ టక్‌మని చప్పుడు చేస్తూ తిరగాల్సిన మూత చప్పుడు లేకుండా తిరిగిందంటే లోపలి పళ్లు అరిగిపోయినట్టు. రబ్బరుకి గ్రీజు రాయడం, టేపు చుట్టడం వంటి ఆటోనగర్ వైద్యాలు ఇక్కడ పనికిరావు. మీ మోడల్‌కి సరిపోయే మూతే కొనండి. మరలు కలిసినంత మాత్రాన వాల్వు కలవదు. 2008 ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫోర్డ్ మూతే లేని గొట్టాలు పెడుతోంది, వాళ్లకి ఈ బాధ లేదు.

కొత్త మూత పెట్టగానే లైటు ఆరదు. పరీక్ష మళ్లీ నెగ్గడానికి కొన్నిసార్లు బండి తిప్పాలి. ఇన్‌స్పెక్షన్ రేపే ఉందని కొందరు బ్యాటరీ తీగ పీకి లైటు ఆర్పేస్తారు. అలా చేస్తే కంప్యూటర్ పాత పరీక్షల ఫలితాలన్నీ మరిచిపోతుంది, 'నాట్ రెడీ' అని లేన్‌లోంచి వెనక్కి పంపేస్తారు.