రెండు లక్షల పాటలు, బడి పుస్తకంలోకి ఎక్కినవి కొన్నే

ఈసారి ఎపిసోడ్‌లో లాత్వియా గురించి మాట్లాడాను. డ్యూటీలో ఉండి వినడం కుదరనివాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా.

బాల్టిక్ సముద్రం ఒడ్డున చిన్న దేశం అది. అక్కడి జానపద పాటల్ని దైనాలంటారు. చాలావాటికి నాలుగే పంక్తులు. పొలం పని, పెళ్లి, చావు, తల్లిలేని పిల్ల ఏడుపు, దొర కొట్టంలో ధాన్యం నూర్చే కష్టం, అన్నీ అందులోనే. క్రిష్యానిస్ బారొన్స్ అనే ఆయన వాటిని చిన్న చిన్న చీటీల మీద రాయించి, సొరుగుల బీరువాలో సర్దిపెట్టాడు. 1894 నుంచి 1915 దాకా అచ్చయిన ఆ సంకలనంలో 2,17,996 పాటలున్నాయి.

ఇన్ని పాటలు ఏ బడి పుస్తకంలోనూ పట్టవు. ఎవరో ఒకరు ఏరాలి. అసలు కథంతా ఆ ఏరడంలోనే ఉంది.

1934 మే 15న కార్లిస్ ఉల్మానిస్ పార్లమెంటును మూసేసి అధికారం తన చేతిలోకి తీసుకున్నాడు. రైతే జాతికి వెన్నెముక, జాతంతా ఒకే కుటుంబం అని ప్రచారం చేశాడు. నాగలి, ఇల్లు, ఒద్దిక గురించిన పాటలు దానికి బాగా అతికాయి.

1940లో సోవియట్లు వచ్చారు. నడుమ జర్మన్ల ఆక్రమణ తీసేస్తే 1991 దాకా వాళ్లదే రాజ్యం. ఇప్పుడు అదే బీరువాలోంచి జర్మన్ దొరల మీది పాటలు ముందుకొచ్చాయి, దేవుడి పాటలు వెనక్కి పోయాయి. స్టాలిన్‌ని, సమష్టి పొలాల్ని పొగిడే కొత్త పాటలనూ జానపదమనే చెప్పారు.

దొర పాటలు అబద్ధం కాదు. వెట్టి నిజంగా ఉండేది. విడ్జెమె ప్రాంతంలో 1819లో గానీ దాన్ని రద్దు చేయలేదు. కానీ పిల్లవాడికి ఒక్క పాటే చూపించి, జనం అనుకున్నది ఇంతే అంటే, అక్కడ మోసం మొదలైనట్టే.

1980ల చివర లాత్వియా జనం పాటలు పాడుతూనే స్వాతంత్ర్యం అడిగారు. ఇప్పుడు దైనాలంటే వాళ్లకు జాతి ఆత్మ. యాభై ఏళ్లు పరాయి పాలనలో నలిగినవాళ్లు అలా పట్టుకోవడంలో తప్పేముంది? 1989 నాటికి సొంత దేశంలో లాత్వియన్లు 52 శాతమే.

అయితే ఆ తరగతి గదిలో ఇంకో పిల్లాడు కూడా ఉన్నాడు. వాడి తాత సోవియట్ కాలంలో రీగా ఫ్యాక్టరీలోకో బిల్డింగ్ పనికో వచ్చినవాడు, ఇంట్లో రష్యన్ మాట. 2023 సెప్టెంబర్ నుంచి బడులన్నీ వరసగా లాత్వియన్ మీడియంలోకి మారుతూ వచ్చాయి. వాడు పాఠం అప్పజెప్తాడు, సరే. తాత గురించి అందులో ఏముంటుంది? ఇరవై ఏళ్లుగా పరాయి దేశంలో గోడలు లేపిస్తున్న నాకు ఆ పిల్లాడే గుర్తుకొస్తున్నాడు.

మా అమ్మ నాట్లేస్తూ పాడిన పాట ఒక్కటీ నా బడి పుస్తకంలో లేదు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పాడించుకుని రికార్డు చేసుకోండి. దొరను తిట్టేదీ, దేవుణ్ణి మొక్కేదీ, మొగుణ్ణి ఎత్తిపొడిచేదీ, ఏదీ వదలకుండా.