రైలు డబ్బాలో సెప్టెంబర్

నాంపల్లిలో ఎమ్మెంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీ స్టేషన్ దాకా కావలసినంత రాజకీయం వినొచ్చు. 2022లో సెప్టెంబర్ 17ను కేంద్రం విమోచన దినమంది, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమంది. మెడలో కంపెనీ కార్డులున్న పిల్లలు అదే వాదించుకుంటున్నారు. "మీరేమంటారు భాయ్?" అన్నాడొకడు. డబ్బా అంతా నా వైపు తిరిగింది. "మాదాపూర్‌లో వాన పడుతున్నట్టుంది" అన్నాను. రెండు భాషల్లో వార్తలు రాసి బతికేవాణ్ణి!

జర్మనీ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ జనాన్ని సరిగ్గా ఇదే అడిగింది. అయిదు గంటల రైలు ప్రయాణంలో ఎదుటివాడు రాజకీయం ఎత్తితే మాట కలుపుతారా, ఊరుకుంటారా? తమవైపు తక్కువమందే ఉన్నారనుకున్నవాళ్లు నోరు మూస్తారు. వాళ్లు మూసేకొద్దీ అవతలి పక్షం ఉన్నదానికన్నా పెద్దదిగా కనబడుతుంది. దాంతో ఇంకొందరు మూస్తారు. 1974లో ఆమె చెప్పిందిది. మాకు 1948లోనే తెలుసు.

ఆనాడు హైదరాబాద్ ముస్లింలంతా రజాకార్లేనా? 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ భారత్‌లో కలవాలని ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టులో కాచిగూడ దగ్గర చేయి నరికి చంపారు. ఆయనలాగే అనుకుని, ఆ చావు చూసి నోరు మూసుకున్నవాళ్లు ఎందరో ఎవరు లెక్కపెట్టారు? వినబడింది కాసిం రజ్వీ గొంతు. దాన్నే కౌమ్ మొత్తం గొంతని రాసుకున్నారు.

సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల హత్యలు, దోపిడీలు అబద్ధం కాదు. ఆ తర్వాత జరిగినవీ అబద్ధం కాదు. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మరీ ఘోరం. ఆ నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టారు. దాని ఊసెత్తితే 'రజాకార్' అంటారని మావాళ్లూ ఎత్తలేదు.

మా దాదీది బీదర్ పక్క పల్లె. మమ్మల్ని బావి దరిదాపుల్లోకి పోనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే "చుప్ రౌ బేటా" అనేది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పకుండానే పోయింది.

మొన్న నా బిడ్డ గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరింది. మొదటిరోజు స్టేషన్ దాకా పోయి, టిఫిన్ డబ్బా చేతికిస్తూ "ఆఫీసులో పాలిటిక్స్ మాట్లాడకు బేటా" అన్నాను.

"ఎందుకు అబ్బా?" అంది.

రైలొచ్చింది.