మాయ మాటా, వెలుగు మాటా



మా అత్తిబెలె గేటు దాటి జూజువాడిలో అడుగు పెడితే బోర్డుల మీద కన్నడం పోయి తమిళం వస్తుంది. మైసూరు సంస్థానానికీ సేలం జిల్లాకూ నడుమ ఉన్న ఆ పాత హద్దు 1956 రాష్ట్రాల పునర్విభజనలోనూ అలాగే నిలిచింది. తెలుగు మాత్రం రెండు వైపులా వినబడుతుంది. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలు ఇంగ్లీషులో రెండు మాటల్ని తరచూ తారుమారు చేస్తారు. ఇల్యూషన్, ఇలస్ట్రేషన్.

తన పుస్తకంలో చక్కని ఇల్యూషన్లు ఉన్నాయని రాసింది ఒక అమ్మాయి. ఎర్రసిరాతో కొట్టేశాను. "రెండూ 'ఇల్' అనే మొదలవుతాయి కదా సార్, అక్కచెల్లెళ్లు కావా?" అంది. అవునన్నాను. రాత్రి నిఘంటువు తీశాక తెలిసింది, తప్పు చెప్పానని.

ఆ 'ఇల్' అసలు 'ఇన్' అనే ఉపసర్గ. లకారం ముందు అలా మారింది. మనకు ఉత్, లాసం కలిసి ఉల్లాసం అయినట్టే. పోలిక అంతవరకే. ఇల్యూషన్‌కు మూలం లాటినులో 'లూదెరె', అంటే ఆడటం. ఒకరిని ఆటపట్టించడం, ఎగతాళి చేయడం అనే అర్థం నుంచి మోసం, భ్రమ వచ్చాయి. "నాతో ఆటలాడుతున్నావా?" అని మనం కోప్పడమూ! డెల్యూషన్, ప్రిల్యూడ్ ఈ ఇంటివే. మీ పిల్లలు పాచికలేసే లూడో కూడా. లాటినులో ఆ మాటకు 'ఆడుతున్నాను' అని అర్థం. మన పచ్చీసునే మార్చి 1896లో ఇంగ్లండులో ఆ పేరుతో పేటెంటు తీసుకున్నారు.

ఇలస్ట్రేషన్ ఇల్లు వేరు. 'లుస్త్రారె' అంటే వెలుగు నింపడం. చీకటిగా ఉన్న విషయాన్ని ఉదాహరణతో వెలిగించడం ముందు, బొమ్మతో వెలిగించడం తర్వాత. పుస్తకంలో బొమ్మ అనే అర్థం 19వ శతాబ్దిలో కుదురుకుంది. 1842లో లండనులో మొదలైన బొమ్మల వారపత్రిక ఆ మాటను పేరులోనే పెట్టుకుంది. మనకు 1947లో చందమామ వచ్చింది. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు గుర్తున్నాయా?

మరునాడు తరగతిలో నా తప్పు ఒప్పుకుని, తోలుబొమ్మలాట గురించి చెప్పాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, చిల్లులు పొడిచి బొమ్మలు చేస్తారు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర వెనక దీపం బొమ్మను వెలిగిస్తే, తెర ముందు కూర్చున్నవాడికి హనుమంతుడు నిజంగానే ఎగిరినట్టుంటుంది.

"అయితే సార్, నేను రాసింది సగం సరైనదే" అంది ఆ అమ్మాయి.

మార్కు మాత్రం వేయలేదు. ఆమె చెప్పింది తోలుబొమ్మ గురించి కాదు కదండీ, పాఠ్యపుస్తకం గురించి.