సాక్షి జ్ఞాపకం – ప్రశ్నించేవాడి అధికారం

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా లంక ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ మరిచిపోలేదు. అప్పటికి నాకు ఆరేళ్ళు. నీళ్ళు అరుగు దాటి వసారాలోకి రావటం, ఎవరిదో ఖాళీ ఉయ్యాల మా వాకిట్లోంచి తేలుతూ పోవటం, అమ్మమ్మ నన్ను చంకనెత్తుకుని అటకెక్కటం నాకు కళ్ళకు కట్టినట్టు జ్ఞాపకం. ఆమధ్య ఆ వరద గురించి ఒక వ్యాసం రాసి సాహితీమిత్రుల సమావేశంలో చదివేను. మా పెద్దమావయ్య కూడా వచ్చి విన్నాడు. బయటికొచ్చేక, "బాగానే రాసేవురా. కాని ఆ వారం నువ్వు ఊళ్ళో లేవు. మీ నాన్న నిన్ను కాకినాడ తీసుకుపోయేడు. ఆ ఉయ్యాల చూసింది మీ అమ్మమ్మ" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మనడిగితే ఆవిడా అదే చెప్పింది.

నేను అబద్ధం చెప్పలేదు. కోర్టులో ప్రమాణం చేయించినా ఆ ఉయ్యాల చూశాననే చెప్పేవాణ్ణి. ఎంత గట్టి ప్లీడరు అడ్డుప్రశ్నలు వేసినా తొణికేవాణ్ణి కాదు. సాక్ష్యాన్ని నిజమనీ, అబద్ధమనీ రెండుగా విడగొట్టటం మనకి అలవాటు. కాని మూడోది ఒకటుంది: మనిషి పూర్తి నిజాయితీతో చెప్పే, జరగని సంగతి. దీన్ని శాస్త్రం ఎప్పుడు గుర్తించింది? గుర్తించేక అది ఎవరి చేతిలో ఎవరి మీద ఆయుధమయ్యింది? ఈ ప్రశ్నలు మనస్తత్వశాస్త్రానికే పరిమితమైనవి కావు.

1901లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్జ్ ఫాన్ లిస్ట్ అనే న్యాయశాస్త్రాచార్యుడి తరగతిలో ఇద్దరు విద్యార్థులు వాదన పెంచుకున్నారు. ఒకడు రివాల్వరు తీసేడు. ఆచార్యుడు అడ్డుపడ్డాడు. గలభా అణిగేక, అదంతా ముందే కూర్చిన నాటకమని చెప్పి, చూసినవాళ్ళ చేత చూసింది చూసినట్టు చెప్పించేరు. అతి తక్కువ తప్పులు చేసినవాడి కథనంలో కూడా నూటికి 26 పాళ్ళు తప్పులే. ఎక్కువ చేసినవాడివి 80 పాళ్ళు. వాళ్ళందరూ రేపటి ప్లీడర్లు, జడ్జీలు! ఈ పరిశోధనలో పాలుపంచుకున్న విలియం స్టెర్న్, తప్పులేని జ్ఞాపకం నియమం కాదు, మినహాయింపు అని 1902లో తేల్చేడు.

ఈ మాటని అమెరికా కోర్టుల గుమ్మం దాకా తీసుకుపోయినవాడు జర్మనీ నుంచి వచ్చి హార్వర్డ్‌లో స్థిరపడిన హ్యూగో మ్యూన్‌స్టర్‌బర్గ్. సాక్షిబోను గురించి 1908లో ఆయన వేసిన పుస్తకంలో తన అనుభవమే ఉదాహరణగా చెప్పుకున్నాడు. ఆయనింట్లో దొంగలు పడ్డారు. నేలమాళిగ కిటికీలోంచి వచ్చేరని ప్రమాణం చేసి చెప్పేడు. తీరా చూస్తే వాళ్ళు బద్దలుకొట్టింది తలుపుని. గడియారాన్ని కాయితంలో చుట్టేరన్నాడు. చుట్టింది బల్లగుడ్డలో. జ్ఞాపకశక్తి మీద పనిచేసే ఆచార్యుడి సాక్ష్యమే ఇలా ఉంటే మామూలు మనిషి సంగతేమిటని ఆయన వాదన. న్యాయవాదులు మండిపడ్డారు. జాన్ హెన్రీ విగ్‌మోర్ అనే సాక్ష్యశాస్త్ర పండితుడు 1909లో మ్యూన్‌స్టర్‌బర్గ్‌ని ముద్దాయిని చేసి ఒక ఊహాజనిత విచారణ రాసి వెక్కిరించేడు. ఆ దెబ్బతో ఈ చర్చ చాలాకాలం చల్లబడింది.

అయితే ఈ కథలో మనం తప్పక గమనించవలసిన ఘట్టం మరొకటుంది. 1905 డిసెంబరులో ఐడహో రాష్ట్ర మాజీ గవర్నరు స్టూనెన్‌బర్గ్‌ని ఇంటి గేటు దగ్గర బాంబు పెట్టి చంపేరు. బాంబు పెట్టిన హ్యారీ ఆర్చర్డ్ చేత పింకర్టన్ డిటెక్టివు సంస్థ మనిషి ఒప్పుకోలు రాయించేడు. చంపించింది గని కార్మికుల యూనియన్ నాయకుడు బిల్ హేవుడ్, ఆయన సహచరులూ అని అందులో ఉంది. 1907లో హేవుడ్ విచారణ జరుగుతూండగా మ్యూన్‌స్టర్‌బర్గ్ తన పరికరాలతో వెళ్ళి ఆర్చర్డ్‌ని గంటల తరబడి పరీక్షించేడు. జ్యూరీ తీర్పు ఇంకా రాకముందే, ఆర్చర్డ్ చెప్పింది నిజమేనని ఆయన అభిప్రాయం పత్రికలకెక్కింది. ఎవరి జ్ఞాపకమూ నమ్మదగింది కాదన్న మనిషి, కార్మిక నాయకుణ్ణి ఉరికంబం దగ్గరికి తోసే సాక్షిని మాత్రం యంత్రం చూసి నమ్మేడు! జ్యూరీ నమ్మలేదు. నేరంలో పాలుపంచుకున్నవాడి మాటకి వేరే బలం కావాలని ఆ రాష్ట్ర చట్టం చెప్తుంది. హేవుడ్ విడుదలయ్యేడు. అనుమానం అనేది కూడా అందరి మీదా సమానంగా పడదని ఈ ఉదంతం చెబుతోంది.

1932లో కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్, జ్ఞాపకం భోషాణంలో దాచిన వస్తువు కాదనీ, తల్చుకున్నప్పుడల్లా మనిషి తన సంస్కారాన్ని బట్టి మళ్ళీ కట్టుకునేదనీ నిరూపించేడు. ఆ కట్టుబడిలో పక్కవాడి చెయ్యి ఎంతుందో 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ లెక్కగట్టి చూపేరు. విద్యార్థులకి కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగమెంతని అడిగేరు. కార్లు "తాకినప్పుడు" అని అడిగితే సగటున గంటకి 31.8 మైళ్ళన్నారు. "నుజ్జయ్యేట్టు గుద్దుకున్నప్పుడు" అని అడిగితే 40కి పైనే అన్నారు. మరో ప్రయోగంలో ఒక ఫిల్ము చూపించి, వారం పోయేక, పగిలిన గాజు చూశారా అనడిగేరు. ఫిల్ములో గాజు పగలనే లేదు. "నుజ్జయ్యేట్టు" అన్న ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా "గుద్దుకున్నప్పుడు" అని విన్న 50 మందిలో 7గురు. ఒక్క క్రియాపదం! భాషతో పనిచేసే మనం ఉలిక్కిపడవలసిన విషయం ఇది.

ఫిల్ము చూసిన విద్యార్థికి పోయేదేమీ లేదు. రొనాల్డ్ కాటన్‌కి పోయింది పదిన్నర సంవత్సరాల జీవితం. 1984లో నార్త్ కరొలైనాలో అత్యాచారానికి గురైన ఒక యువతి, నేరస్థుడి మొహం గుర్తుపెట్టుకోవాలని ఆ స్థితిలోనూ పట్టుదలగా చూసింది. పోలీసులు ఫోటోలు చూపించేరు. ఆమె కాటన్ ఫోటో తీసింది. తర్వాత మనుషుల్ని వరసలో నిలబెట్టేరు. ఫోటోల్లోనూ వరసలోనూ ఉన్నవాడు అతనొక్కడే. ఆమె అతన్నే చూపింది. ఫోటోలో గుర్తుపట్టిందీ అతన్నే అని ఆమెతో చెప్పేరు. అనుమానం ధీమాగా మారింది. 1987లో రెండో విచారణలో అసలు నేరస్థుణ్ణి ఎదురుగా తెచ్చి నిలబెడితే ఆమె గుర్తుపట్టలేదు. జ్ఞాపకంలో అతని మొహం చెరిగి కాటన్ మొహం కుదురుకుంది. 1995లో డీఎన్‌ఏ పరీక్ష కాటన్‌ని విడిపించింది. కాటన్ నల్లజాతివాడు. ఆమె తెల్ల యువతి. ఆమె అబద్ధమాడలేదు. ఆమె జ్ఞాపకం పోలీసు స్టేషన్లో మెట్టుమెట్టుగా తయారయ్యింది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. జ్ఞాపకాన్ని నమ్మలేమన్న సూత్రం నిరపరాధిని కాపాడగలదు, బాధితుల నోరూ నొక్కగలదు. 2020లో న్యూయార్కులో సినీ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ మీద విచారణ జరిగినప్పుడు డిఫెన్సు తరఫున లాఫ్టస్ సాక్ష్యమిచ్చింది. శాస్త్రం తప్పని నేననను. ముద్దాయికి ఆ హక్కు ఉండవలసిందే. కాని నిపుణుల్ని పిలిపించుకోగల స్తోమత ఎవరికుంటుందన్నది వేరే ప్రశ్న.

మన దేశంలో 1872 నాటి సాక్ష్య చట్టం, జవాబు సూచించే ప్రశ్న సొంత సాక్షిని అడగరాదని ఆంక్ష పెట్టి, ఎదుటి పక్షం సాక్షిని అడగొచ్చునంది. 2024 జూలై నుంచి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. సాక్షి మనసు వీడియో టేపు కాదనీ, చిన్నచిన్న తేడాలకే సాక్ష్యాన్ని కొట్టెయ్యకూడదనీ సుప్రీంకోర్టు 1983లోనే గుజరాత్‌కి చెందిన ఒక కేసులో చెప్పింది. మంచి మాట. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని చంపేరు. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యం చాలదని అందర్నీ విడిచిపెట్టింది. ప్రాణభయంతో పరిగెత్తినవాణ్ణి పదేళ్ళు పైబడ్డాక బోనెక్కించి గంటలూ నిమిషాలూ అడిగితే ఏం చెప్పగలడు? గడియారపు వేళ మరిచినవాడు చావుని చూడలేదని అర్థమా?

మరి ఏ జ్ఞాపకాన్ని నమ్మాలి? సాక్షి ధీమా కొలబద్ద కాదు. నా ఉయ్యాల విషయంలో నాకున్న ధీమా చాలదూ? సాక్షి మొదట ఎప్పుడు చెప్పేడు, ఎవరడిగేరు, ఏ మాటల్తో అడిగేరు, చెప్పేక అతనికి ఏం చెప్పేరు అన్నవి చూడాలి. కాని మన పోలీసు దర్యాప్తులో సాక్షి వాంగ్మూలాన్ని రాసేది పోలీసు. దాని మీద సాక్షి సంతకం ఉండకూడదని పాత చట్టమూ కొత్త చట్టమూ కూడా చెప్తున్నాయి. సామాన్యంగా ఆ కాయితంలో జవాబులే ఉంటాయి, ప్రశ్నలుండవు. జ్ఞాపకానికి ఇద్దరు కర్తలుంటే, రికార్డు ఒకణ్ణే బోనెక్కిస్తోంది.

ఈ ఆరోపణ మనకీ వర్తిస్తుంది. కూలీల, చేతివృత్తులవాళ్ళ, ఉద్యమకారుల జీవితకథలు అడిగి రాస్తున్నాం. "ఆ దొర మిమ్మల్ని ఎలా హింసించేడు?" అని మొదలుపెట్టి, వచ్చిన జవాబుని ప్రజల గొంతు అని అచ్చువేస్తున్నాం. దొర హింసించే ఉంటాడు. కాని ప్రశ్న మనది. రేపు దాన్ని ఎవడో ఒక తేదీ తప్పు చూపించి మొత్తం కొట్టిపారేస్తే, నష్టపోయేది మనం కాదు, చెప్పిన మనిషి. అంచేత మన ప్రశ్నల్ని కూడా అచ్చువేద్దాం. ఎవరు చూసిందో, ఎవరు విన్నదో విడదీసి రాద్దాం. ప్రజల పక్షాన నిలబడటమంటే వాళ్ళ సాక్ష్యాన్ని అడ్డుప్రశ్నలకి నిలబడేట్టు అందించటం కూడా.

నా వరద వ్యాసాన్ని దిద్దేను. ఉయ్యాలని కొట్టెయ్యలేదు. ఎవరిదో బిడ్డ ఉయ్యాల ఆ రోజు నీళ్ళలో పోయిన మాట నిజం. "చూశాను" అన్న చోట "మా అమ్మమ్మ చూసి చెప్పింది" అని మార్చేను.