పేర్లు చూడొచ్చు, పైసలు చూడలేం: సంస్థల లెక్కల చరిత్ర



మన గూడేల పేరు మీద, మన పిల్లల ఫొటోల మీద నిధులు తెచ్చే స్వచ్ఛంద సంస్థలు చాలా ఉన్నాయి. మంచి పని చేసేవీ ఉన్నాయి. మరి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడిగే హక్కు మనకు ఉందా? ఈ ప్రశ్న వెనక 160 ఏళ్ల కథ ఉంది.

1860లో బ్రిటిష్ ప్రభుత్వం సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు. 19వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే ఒక్క రూపాయి కట్టి రిజిస్ట్రార్ దగ్గరున్న సొసైటీ కాగితాలు చూడొచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ చట్టం ఏటా ఇవ్వమన్నది కమిటీ సభ్యుల జాబితానే, జమాఖర్చులు ఇమ్మనలేదు. అంటే పేర్లు చూడొచ్చు, పైసలు చూడలేం. తర్వాత రాష్ట్రాలు ఎవరి మార్పులు వాళ్లు చేసుకున్నాయి. మన ఉమ్మడి రాష్ట్రం 2001లో సొంత చట్టం చేసుకుంది.

లెక్కలు జనం ముందు చదవాలనే పట్టుదల మాత్రం ఊళ్లలో పుట్టింది. రాజస్థాన్‌లో 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. 1994 డిసెంబర్‌లో పాలీ జిల్లా కోట్ కిరానాలో వాళ్లు మొదటి జన్ సున్వాయి, అంటే ప్రజా విచారణ, పెట్టారు. పంచాయతీ పనుల బిల్లులు, మస్టర్ రోల్స్ అందరి ముందు గట్టిగా చదివారు. చదువు రానివాళ్లు కూడా విని దొంగ లెక్కలు పట్టుకున్నారు. అవి సర్కారు లెక్కలే, సంస్థలవి కావు. కానీ ‘మా పైసలు, మా లెక్కలు’ అన్న ఆ పోరాటమే 2005 సమాచార హక్కు చట్టానికి దారి వేసింది.

ప్రభుత్వం నుంచి ‘గణనీయంగా’ నిధులు పొందే స్వచ్ఛంద సంస్థలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయి. గణనీయం అంటే ఎంత? దీని మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2019 సెప్టెంబర్‌లో డీఏవీ కాలేజ్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: సగానికి మించే ఉండాలని లేదు, ఉచితంగా ఇచ్చిన భూమి కూడా లెక్కలోకి రావొచ్చు.

విదేశీ నిధుల విషయంలో మాత్రం కొంత వెనక్కి పోయాం. మూడు నెలలకోసారి వచ్చిన మొత్తాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధనను కేంద్రం 2022 జులైలో తీసేసింది. ఏడాదికోసారి ఆడిట్ లెక్క పెట్టాలన్నది అప్పుడు అలాగే ఉంచింది.

ఇక మనం చేయగలిగింది. సంస్థనే అడగక్కర్లేదు. ఐటీడీఏ గ్రాంటు ఇచ్చి ఉంటే, ఆ ఐటీడీఏ సమాచార అధికారికే దరఖాస్తు పెట్టొచ్చు: ఏ సంస్థకు ఎంత ఇచ్చారు, దాని యుటిలైజేషన్ సర్టిఫికెట్ కాపీ ఇవ్వండి అని. మామూలుగా ఫీజు 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

వచ్చిన కాగితం ఫోన్‌లో దాచుకుంటే లాభం లేదు. కోట్ కిరానాలో చేసినట్టు గూడెంలో అందరినీ కూర్చోబెట్టి, మన భాషలో చదివి వినిపించాలి. మొదటి తరం చదువుకున్నోళ్లం మనం చేయాల్సిన పని ఇది. నిజాయితీగా పనిచేసే సంస్థకు దీంతో పేరే వస్తుంది.

జై ఆదివాసీ.