పిడికిళ్లను తూచిన యంత్రం

1969 వేసవి. మయామీలో ఒక స్టూడియో. చుట్టూ నల్లటి తెరలు దించారు. వాటి మధ్య ఒక బాక్సింగ్ రింగు, దాని మీద ఒళ్లు కాలే లైట్లు. ప్రేక్షకుల కుర్చీలు లేవు. గంట మోగగానే లేచే హోరు లేదు. ఆ హోరును తర్వాత తీరిగ్గా ఫిల్ముకు అతికిస్తారు.

రింగులో ఇద్దరున్నారు. ఒకరికి ఇరవై ఏడేళ్లు. ఇంకొకరికి నలభై ఆరు రాబోతున్నాయి. చిన్నవాడు మునివేళ్ల మీద తిరుగుతూ, ఎడమ చేయి చాచి ఎదుటివాడి ముఖాన్ని తాకి, తాకిన చేతిని అంతే వేగంగా వెనక్కి లాక్కుంటున్నాడు. పెద్దాయన నడుం వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, ఆ చేతి కిందుగా లోపలికి దూరాలని చూస్తున్నాడు. అంతలో ఆ ఎడమచేతి దెబ్బ, జాబ్, ఒకటి కాస్త ఎత్తున తగిలింది. పెద్దాయన తల మీది జుట్టు ఒక పక్కకు జారిపోయింది.

అది విగ్గు. కెమెరాలు ఆపమని ఆయన కేకేశాడు. ఆపారు. విగ్గు సరిచేశారు. మళ్లీ గంట మోగింది.

ఆ పెద్దాయన రాకీ మార్షియానో. 49 పోటీలు, 49 గెలుపులు, వాటిలో 43 నాకౌట్లు. ఓటమి రుచి చూడకుండానే 1956 ఏప్రిల్‌లో గ్లోవ్స్ విప్పేసిన ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్. ఆ చిన్నవాడు మహమ్మద్ అలీ. 29 పోటీలు, 29 గెలుపులు. అతను గ్లోవ్స్ విప్పలేదు, విప్పించారు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో, సైన్యంలో చేర్చుకునే కార్యక్రమంలో తన పేరు పిలిచినప్పుడు అతను అడుగు ముందుకు వేయలేదు. వియత్నాం యుద్ధానికి రానన్నాడు. అదే రోజు న్యూయార్క్ అథ్లెటిక్ కమిషన్ లైసెన్సు ఆపేసింది. టైటిల్ పోయింది. జూన్‌లో కోర్టు ఐదేళ్ల జైలు, 10,000 డాలర్ల జరిమానా వేసింది. అప్పీలు నడుస్తోంది కాబట్టి బయట ఉన్నాడు. అమెరికాలో ఎక్కడా అతన్ని రింగు ఎక్కనిచ్చేవారు లేరు.

ఇద్దరి గెలుపులూ కలిపితే 78, ఓటములు సున్నా. ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప? దానికి జవాబు కంప్యూటర్ చెబుతుందని జనానికి మాటిచ్చిన మనిషి ముర్రే వోరోనర్.

వోరోనర్ మయామీకి చెందిన రేడియో నిర్మాత. హెవీవెయిట్ ఛాంపియన్ల గురించి మాట్లాడుకునే ప్రతి చోటా చివరికి వచ్చే గొడవ అతనికి తెలుసు. డెంప్సీ తన ఊపు మీదున్న రోజుల్లో జో లూయీ ఎదురైతే? జాక్ జాన్సన్ ముందు మార్షియానో నిలిచేవాడా? కాలం వీళ్లను వేరువేరు గదుల్లో పెట్టి తాళం వేసింది. ఆ తాళం తీస్తానన్నాడు వోరోనర్. 1967లో సుమారు 250 మంది క్రీడా రచయితలనూ నిపుణులనూ కదిలించి ఒక్కో ఛాంపియన్ వేగం, దెబ్బ బలం, ఓర్పు, ధైర్యం, చర్మం తేలిగ్గా చీలుతుందా లేదా వంటివన్నీ అంకెల్లోకి మార్పించాడు. ఆ అంకెలను ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌కు ఇచ్చారు. 16 మంది ఛాంపియన్ల టోర్నమెంటు రేడియోలో నడిచింది. యంత్రం ఇచ్చిన ఫలితం చుట్టూ వ్యాఖ్యానం అల్లి, హోరు కలిపి, నిజంగా జరుగుతున్న పోటీలాగే వినిపించారు. ఫైనల్లో డెంప్సీని ఓడించి మార్షియానో విజేతగా నిలిచాడు.

అలీ క్వార్టర్ ఫైనల్లోనే పోయాడు. ఓడించిందెవరు? జేమ్స్ జె. జెఫ్రీస్.

ఈ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. జెఫ్రీస్ 1905లో అజేయుడిగా తప్పుకున్న తెల్ల ఛాంపియన్. తర్వాత జాక్ జాన్సన్ మొట్టమొదటి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అది సహించలేక తెల్ల అమెరికా జెఫ్రీస్‌ను బతిమాలి, ఒళ్లు కరిగింపజేసి, మళ్లీ రింగు ఎక్కించింది. 1910 జూలై 4న రీనోలో జాన్సన్ అతన్ని పదిహేనో రౌండులో చిత్తు చేశాడు. యాభై ఏడేళ్ల తర్వాత రేడియోలో అదే జెఫ్రీస్ లేచి వచ్చి, మరో నల్లజాతి ఛాంపియన్‌ను, అదీ నోరు కట్టేసి చేతులు కట్టేసి కూర్చోబెట్టిన వాడిని, ఓడించాడు. యంత్రానికి చరిత్ర తెలియదు. అలీకి తెలుసు. తన పేరుకు భంగం కలిగించారంటూ 10 లక్షల డాలర్లకు దావా వేశాడు.

రాజీ ఒక్క డాలరుకు కుదిరింది. దాంతో పాటు ఒక షరతు: మార్షియానోతో కెమెరా ముందు తలపడాలి. యంత్రం రాసిన పోటీని ఇద్దరు అసలు మనుషులు ఆడి చూపించాలి. అలీకి ముట్టేది దాదాపు పదివేల డాలర్లు. రెండేళ్లుగా వృత్తి లేని మనిషి. ఒప్పుకున్నాడు.

మార్షియానో కూడా ఒప్పుకుని, దానికోసం దాదాపు 50 పౌండ్లు, అంటే ఇరవై రెండు కిలోలకు పైగా తగ్గాడు. ఒక సినిమా కోసం ఇంత అక్కర్లేదు. రింగు వదిలి పదమూడేళ్లు దాటిన మనిషి మళ్లీ పరుగు మొదలుపెట్టి ఆకలిని ఓర్చుకున్నాడంటే, అతను దీన్ని సినిమా అనుకోలేదని నా నమ్మకం.

రౌండుకు ఒక నిమిషం చొప్పున డెబ్బైకి పైగా రౌండ్లు తీశారు. ఏ రౌండు ఎక్కడ వాడతారో ఇద్దరికీ చెప్పలేదు. ముగింపులు కూడా రకరకాలుగా చిత్రించారు. ఒకసారి అలీ పడాలి, ఒకసారి మార్షియానో పడాలి, ఒకసారి ముఖం చీలి రెఫరీ ఆపాలి. అలీ మూలలో అతని అసలు శిక్షకుడు ఏంజెలో డండీ నిలబడ్డాడు. దెబ్బలు ఎక్కువగా ఒంటి మీద తగిలీ తగలనట్టు వేయాలని ఒప్పందం. ఆ ఒప్పందం మాటిమాటికీ తెగిపోయేది. పిడికిలి మీద బతికిన ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి ఉత్తుత్తినే కొట్టుకోమంటే ఎంతసేపు కుదురుతుంది?

అక్కడ నిజంగా ఎదురైనవి రెండు విద్యలు. అలీ ఎత్తు ఆరడుగుల మూడు అంగుళాలు, చేతుల చాపు 78 అంగుళాలు. మార్షియానో ఐదడుగుల పదికి అటూ ఇటూ, చాపు 68. మధ్యలో పది అంగుళాలు! అలీ పోరాటమంతా ఆ పది అంగుళాల ఖాళీని కాపాడుకోవడమే. చేతులు గడ్డం దగ్గర ఉంచడు, నడుం దగ్గర వేలాడేస్తాడు. దెబ్బ వస్తుంటే తలను పక్కకు కాక నేరుగా వెనక్కి లాగుతాడు. బాక్సింగ్ నేర్పే ఏ గురువైనా ఇవి రెండూ తప్పులనే చెబుతాడు. అలీ కాళ్లున్నంత కాలం ఆ తప్పులు చెల్లాయి. చెల్లని రోజులూ ఉన్నాయి. 1963లో వెంబ్లీలో హెన్రీ కూపర్ ఎడమ హుక్ అతన్ని నేల మీద కూర్చోబెట్టింది.

మార్షియానో విద్య ఆ ఖాళీని చెరిపేయడం. మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో బూట్ల ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు. బేస్‌బాల్ ఆడాలని కలగని, కుదరక బాక్సింగుకు వచ్చాడు. శిక్షకుడు చార్లీ గోల్డ్‌మన్ చేతికి వచ్చేసరికి అడుగు తడబడేది, చేతులు పొట్టి. గోల్డ్‌మన్ ఆ పొట్టితనాన్ని దాచే ప్రయత్నం చేయలేదు, ఇంకా వంగమన్నాడు. వంగితే ఎదుటివాడికి కొట్టడానికి నెత్తి తప్ప ఏమీ దొరకదు. కింది నుంచి లేస్తూ వేసే కుడిచేతి దెబ్బకు ఒంటి బరువంతా తోడవుతుంది. ముఖం దొరక్కపోతే భుజాల మీద, మోచేతుల మీద కొట్టేవాడు. పదో రౌండు వచ్చేసరికి ఎదుటివాడు చేతులు పైకెత్తలేకపోయేవాడు.

1952 సెప్టెంబర్ 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్ ముందు పన్నెండు రౌండ్ల దాకా మూడు స్కోరు కార్డుల్లోనూ మార్షియానో వెనకబడే ఉన్నాడు. మొదటి రౌండులోనే పడ్డాడు కూడా, జీవితంలో తొలిసారిగా. పదమూడో రౌండులో ఇద్దరూ ఒకేసారి కుడిచేయి విసిరారు. మార్షియానో చేయి పొట్టిది కాబట్టి ముందు చేరింది. వాల్కాట్ ఒక చేయి తాడుకు చిక్కుకుని, మోకాళ్ల మీద వాలిపోయాడు. పొట్టి చేతులు లోపమని రాసుకున్న కాగితం మీద ఈ దెబ్బను ఏ గడిలో వేస్తారు?

నాకు ఈ ప్రశ్న దగ్గరే కంప్యూటర్ మీద నమ్మకం పోతుంది. బాక్సర్ నైపుణ్యం అతని ఒంట్లో మూటకట్టి ఉండదు. ఎదుటివాడు ఏం చేస్తాడో దాన్నిబట్టి అప్పటికప్పుడు పుడుతుంది. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో అలీ తాళ్లకు ఆనుకుని జార్జ్ ఫోర్‌మన్ దెబ్బలన్నీ చేతుల మీద, పక్కటెముకల మీద కాచుకుని, అతను అలిసిపోయాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ఆ ఓర్పు 1967 నాటి అంకెల్లో ఎక్కడుంది? లేదు. అప్పటికి ఎవరూ అతన్ని ఆ మూలకు నెట్టలేదు. తనలో అది ఉందని అలీకి కూడా తెలిసి ఉండదు.

అలాగని, నిజంగా ఎదురుపడితే తేలిపోతుందా అంటే అదీ లేదు. రెండు తరాలు రింగులో కలిసినప్పుడల్లా ఒకరికి వయసు మీరే ఉంటుంది. 1951 అక్టోబర్ 26న మార్షియానో జో లూయీని ఎనిమిదో రౌండులో తాళ్ల మధ్య నుంచి బయటకు పడేలా కొట్టాడు. అప్పటికి లూయీకి ముప్పై ఏడేళ్లు, బాకీలు తీర్చడానికి మళ్లీ ఆడుతున్నాడు. ఆ రాత్రి మార్షియానో అతని డ్రెస్సింగ్ రూముకు వెళ్లి ఏడ్చాడని చెబుతారు. గెలిచినవాడికే ఆ గెలుపు ఏమీ రుజువు చేయలేదని తెలుసు.

బరువు లెక్క మరీ చిక్కు. మార్షియానో 185 పౌండ్ల దగ్గర ఆడేవాడు. నేడు 200 పౌండ్ల లోపు వాళ్లకు క్రూజర్‌వెయిట్ అని వేరే తరగతి ఉంది. ఆరడుగుల తొమ్మిది అంగుళాల టైసన్ ఫ్యూరీ పక్కన అతన్ని నిలబెడితే తండ్రీకొడుకుల్లా ఉంటారు. కానీ ఆ ఫ్యూరీని 2024 మేలో రియాద్‌లో ఓడించిన ఒలెక్సాండర్ ఉసిక్, క్రూజర్‌వెయిట్ నుంచి పైకి వచ్చినవాడే.

మయామీ స్టూడియోలో మాత్రం, అన్ని లెక్కలకూ బయట, ఒక కొలత జరిగింది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు. చిత్రీకరణ రోజుల్లో మార్షియానో దెబ్బలకు తన చేతులు నొప్పెట్టాయని అలీ తర్వాత చెప్పాడు. అవి ఒక నడివయసు మనిషి, ఉత్తుత్తి పోరులో, అదుపు చేసుకుంటూ వేసిన దెబ్బలు. అలీ జాబ్ ఎంత వేగంగా వస్తుందో మార్షియానోకు కూడా ముఖం మీదే తెలిసి ఉంటుంది. ఆ ఇద్దరికీ జవాబు దొరికిందో లేదో గానీ, ప్రశ్న ఎంత బరువైనదో ఒంటికి తెలిసింది.

షూటింగ్ ముగిసి మూడు వారాలు గడిచాయి. ఆగస్టు 31 రాత్రి, అయోవా రాష్ట్రంలోని న్యూటన్ దగ్గర ఒక చిన్న సెస్నా విమానం కూలింది. అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. ఒకరు రాకీ మార్షియానో. తెల్లవారితే అతని పుట్టినరోజు.

ఏ ముగింపు తెరకెక్కుతుందో అతనికి తెలియదు.

1970 జనవరి 20, మంగళవారం. అమెరికా, కెనడాల్లో వందలాది థియేటర్లలో ఆ ఒక్క రాత్రి బొమ్మ పడింది. జనం టిక్కెట్లు కొని, నిజమైన పోటీకి వచ్చినట్టే కేకలు వేశారు. పదమూడో రౌండు వచ్చింది. మార్షియానో కుడిచేయి, వెంటనే ఎడమ హుక్. అలీ తాళ్లు పట్టుకుని జారాడు. రెఫరీ పది లెక్కపెట్టాడు. చచ్చిపోయిన మనిషి చేతులు పైకెత్తాడు.

వాల్కాట్‌ను పడగొట్టిన రౌండు సంఖ్య కూడా పదమూడే. యంత్రం ఆ అంకెను ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఊహించడం కష్టం కాదు.

ఆ కంప్యూటర్ అలబామాలో తయారై ఉంటుందన్నాడు అలీ. నల్లవాళ్లకు ఓటు కోసం, బస్సులో సీటు కోసం రక్తం కారిన రాష్ట్రం పేరది. నవ్వించేలా అన్నా, జెఫ్రీస్ నాటి గాయం అందులో ఉంది. ఇక యూరప్‌లో వేసిన ప్రతిలో ముగింపే వేరు. అక్కడ మార్షియానో ముఖం చీలిపోతుంది, రెఫరీ ఆపేస్తాడు, అలీ గెలుస్తాడు. ఇదీ అబద్ధమనిపించదు. 1954లో ఎజార్డ్ చార్ల్స్‌తో రెండో పోటీలో మార్షియానో ముక్కు నిలువునా చీలి, నెత్తురు ఆగక, పోటీ ఆపేస్తారన్న భయంతోనే అతను ఎనిమిదో రౌండులో నాకౌట్ చేసి బయటపడ్డాడు. ఒకే యంత్రం, ఒకే అంకెలు అన్నారు. సముద్రం దాటేసరికి విజేత మారిపోయాడు. ఎక్కడి జనం ఎవరి గెలుపు చూడటానికి డబ్బిస్తారో ఆ లెక్క మాత్రం మనుషులే వేశారు.

1970లోనే అట్లాంటా నగరం అలీకి లైసెన్సు ఇచ్చింది. పోటీ తేదీ అక్టోబర్ 26. సరిగ్గా పంతొమ్మిదేళ్ల కిందట మార్షియానో జో లూయీని ఓడించి ఏడ్చిన తేదీ. మూడున్నరేళ్ల తర్వాత అలీ రింగు ఎక్కాడు, ఎదురుగా జెర్రీ క్వారీ. ఈసారి కుర్చీలు నిండి ఉన్నాయి, హోరు అప్పటికప్పుడు లేచింది. మూడో రౌండు ముగిశాక క్వారీ కనుబొమ్మ మీద లోతుగా తెగిన గాయం చూసి పోటీ ఆపేశారు. అలీ రికార్డులో ముప్పయ్యో గెలుపు చేరింది.